ఊరి పేరు జెండాకు, ఆట పొరుగూరికి!

లోకంలో అన్నిటికంటె చవగ్గా దొరికే సరుకేమిటని మిమ్మల్ని ఎవరైనా అడిగితే, తడుముకోకుండా 'అభిమాని' అని చెప్పండి. ఉప్పుకైనా ఒక ధరంటూ ఉంది. అభిమానికి అదీ లేదు. పిలవకుండానే వస్తాడు. కూలి అడగడు. జట్టు గెలిస్తే తన డబ్బుతో మిఠాయి కొని వీధంతా పంచుతాడు. ఓడితే ఎవరూ చెప్పకుండానే రాత్రి భోజనం మానేస్తాడు. ఆ జట్టు కాస్తా మూటాముల్లె సర్దుకుని ఊరొదిలి వెళ్ళిపోతే, వాళ్ళ రంగు చొక్కాని బీరువాలో కలరా ఉండల మధ్య దాచుకుని ఏడాదికోసారి తీసి చూసుకుంటాడు. ఇటువంటి మనిషి ఊరికే దొరుకుతూంటే వాడుకోని వ్యాపారస్తుడు ఎవడుంటాడు చెప్పండి?

అందరూ వాడుకుని వదిలేస్తున్న ఈ అభిమాని తరఫున వకాల్తా పుచ్చుకుని ఇవాళ నాలుగు మాటలు కాస్త గట్టిగానే అనదలచుకున్నాను. అనడానికి నాకు అధికారం ఉంది. నేనూ ఆ జాతివాణ్ణే. పోనీ క్రికెట్టు అభిమానినా అంటే కాదు, హాకీ అభిమానిని. అందులోనూ హైదరాబాదు హాకీ జట్టు అభిమానిని. అంటే కరువులో అధికమాసం అన్నమాట.

అసలు ఎవరికైనా ఒక జట్టు మీద అభిమానం ఎందుకుండాలి? ఈ ప్రశ్న మా వియ్యంకుడుగారు నన్ను చాలాసార్లు అడిగారు. ఆయనది విజయవాడ. పెద్దమనిషి, లెక్కల మనిషి. వచ్చినప్పుడల్లా నేను టీవీ ముందు కూర్చుని ఉంటే ఆయనకి ఆశ్చర్యం.

"ఏం బావగారూ! ఆ పదకొండుమందిలో మనవాళ్ళెందరు? ఒకడు జర్మనీవాడు, ఒకడు ఆస్ట్రేలియావాడు, ఒకడు ఒడిషావాడు, ఒకడు హర్యానావాడు. మీకు వాళ్ళెవరు? వాళ్ళకి మీరెవరు? డబ్బిచ్చి వేలంలో కొనుక్కొచ్చిన మనుషులు. రేపు ఇంకొకడు రూపాయి ఎక్కువిస్తే అక్కడికి పోతారు. వాళ్ళ కోసం మీరు కాఫీ చల్లార్చుకోవడమేమిటి?"

ఈ మాటకి నా దగ్గర జవాబుంది. పెళ్ళికి సన్నాయి మేళం మాట్లాడుకుంటాం. డబ్బిచ్చే మాట్లాడుకుంటాం. ఆ సన్నాయివాడు మన గోత్రంవాడా, మన ఊరివాడా? రేపు ఇంకొకరి పెళ్ళిలో వాయించడా? అయినా తాళి కట్టే వేళకి అతను గట్టిమేళం ఎత్తుకుంటే మన కళ్ళే కదా చెమర్చేది! డబ్బు పుచ్చుకున్నాడు గనక ఆ పాట మనది కాకుండా పోయిందా?

2024 అక్టోబరులో జరిగిన వేలంలో హైదరాబాదు జట్టు 68 లక్షలు పెట్టి గొంజాలో పెయిలాట్ అనే ఆటగాణ్ణి తెచ్చుకుంది. ఆయన కథ చూడండి. పుట్టింది అర్జెంటీనాలో. 2016లో రియో ఒలింపిక్సులో ఆ దేశానికి బంగారు పతకం తెచ్చిపెట్టిన జట్టులో ఉన్నాడు. తర్వాత జర్మనీ వెళ్ళి, ఆ దేశం తరఫున 2023లో భువనేశ్వర్‌లో ప్రపంచ కప్పు గెలిచాడు. ఆ పోటీలో సెమీఫైనల్లో ఆస్ట్రేలియా మీద మూడు గోల్స్ కొట్టాడు. అటువంటివాడు హైదరాబాదు పేరున్న చొక్కా తొడుక్కుని డి అంచున నుంచుని, పెనాల్టీ కార్నర్ బంతిని కర్ర కొసన పట్టి ఈడ్చి విసురుతూంటే, ఆ క్షణంలో అతను అర్జెంటీనావాడూ కాదు, జర్మనీవాడూ కాదు. మనవాడు. ఏ ఊరి పేరు గుండెల మీద రాసుకుని మట్టిలో పడుతున్నాడో ఆ ఊరివాడు. కోడలు ఏ ఊరినుంచి వచ్చినా గడప దాటి లోపలికొచ్చాక మన ఇంటిపేరు కాదుటండీ? అదీ అంతే.

ఇంతవరకూ చెప్పి నేను గెలిచాననే అనుకున్నాను. కాని మా బావగారు లెక్కల మనిషని ముందే మనవి చేశానుగా. ఆయన నెమ్మదిగా రెండో ప్రశ్న వేశారు.

"బాగానే ఉంది. కోడలు గడప దాటి లోపలికొచ్చాక అన్నారు. మరి మీ జట్టు ఏ గడప దాటింది? ఇప్పుడీ ఆట ఎక్కడ జరుగుతోంది?"

"రూర్కెలాలో."

"హైదరాబాదు జట్టుకి రూర్కెలాలో ఏం పని?"

ఇదుగో, ఈ ప్రశ్నకి జవాబు నేను చెప్పవలసింది కాదు. చెప్పవలసినవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళని అడగడానికే ఈ వ్యాసం.

విషయం తెలియనివారి కోసం కొంచెం వెనక్కి వెళతాను. హాకీకీ మన ఊరికీ సంబంధం లేదని ఎవరైనా అంటే నమ్మకండి. 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు హైదరాబాదులో జరిగాయి. భారత పురుషుల హాకీ జట్టు ఫైనల్లో పాకిస్తాన్‌ని ఓడించి బంగారు పతకం పుచ్చుకున్నది మన గడ్డ మీదే. ఆ తర్వాత 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ అని మొదలైంది. క్రికెట్టులో ఐ.పి.ఎల్. పుట్టింది 2008లో. అంటే ఊరి పేర్లతో జట్లు కట్టి, విదేశీ ఆటగాళ్ళని రప్పించి, టీవీలో దీపాల వెలుగులో ఆడించడమనే ముచ్చట క్రికెట్టుకంటె మూడేళ్ళ ముందే హాకీవాళ్ళు చేసి చూపించారు. ఎక్కడ? గచ్చిబౌలి మైదానంలో. ఆ మొదటి ఏడు పోటీలన్నీ అక్కడే జరిగాయి. గెలిచిందెవరు? మన హైదరాబాద్ సుల్తాన్స్.

ఇంకో ముచ్చట. అప్పటిదాకా హాకీ అంటే 35 నిమిషాల చొప్పున రెండు భాగాలు. ఆ లీగులో ఆటని నాలుగు భాగాలు చేశారు, ఒక్కొక్కటి పదిహేడున్నర నిమిషాలు. అప్పుడు పెద్దలు కొందరు నవ్వారు. 2014 వచ్చేసరికి అంతర్జాతీయ సమాఖ్య పెద్ద పోటీలన్నిటికీ నాలుగు భాగాల పద్ధతే తెచ్చింది, పదిహేనేసి నిమిషాలతో. గచ్చిబౌలిలో వండిన వంట లోకమంతా వడ్డించుకుంది. వండిన ఇంటికి మాత్రం విస్తరి లేదు!

ఎందుకంటే 2008తో ఆ లీగు ఆగిపోయింది. ఆ సంవత్సరమే మన దేశం బీజింగ్ ఒలింపిక్సుకి అర్హత కూడా సంపాదించుకోలేక పోయింది. ఎనిమిది ఒలింపిక్ స్వర్ణాలు తెచ్చిన ఆటకి అంతటి గ్రహణం పట్టింది. హాకీ సమాఖ్యలో తగవులు వచ్చాయి. ఆ తగవుల్లో లీగూ పోయింది, లీగుతోపాటు సుల్తాన్స్ పోయింది. ఆ జట్టు ఏమైందని అభిమానిని పిలిచి చెప్పినవాళ్ళు లేరు. 2012లో వరల్డ్ సిరీస్ హాకీ అని ఇంకొకటి పెట్టారు. ఒక్క ఏడాది ఆడి మూసేశారు. అందులో హైదరాబాదు లేదు. 2013 నుంచి 2017 దాకా హాకీ ఇండియా లీగ్ నడిచింది. అందులోనూ హైదరాబాదు లేదు. తర్వాత ఏడేళ్ళు అదీ లేదు. అంటే సుల్తాన్స్ అభిమాని పదహారేళ్ళు ఖాళీ గూట్లోకి చూస్తూ కూర్చున్నాడన్నమాట.

అటువంటి వాడికి 2024 చివర్లో లీగు మళ్ళీ పుట్టిందనీ, అందులో హైదరాబాద్ తూఫాన్స్ అని జట్టు ఉందనీ తెలిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఎండిన చెరువులో నీళ్ళు పడ్డట్టయింది. ఆ జట్టూ తక్కువ తినలేదు. మొదటి ఏడే ఫైనలుకి వెళ్ళింది. 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో బెంగాల్ టైగర్స్‌తో ఆఖరి పోరు. అటువాళ్ళలో జుగ్‌రాజ్ సింగ్ ఒక్కడే మూడు కొట్టాడు. మనవాళ్ళూ మూడు కొట్టి నిలబడ్డారు. చివర్లో వాళ్ళు నాలుగోది కొట్టేశారు. నాలుగు, మూడు. ఆ రాత్రి మా ఇంట్లో పెరుగన్నం ఎవరూ అడగలేదు, ఎవరూ పెట్టలేదు.

ఓటమికి నేను ఏడవడం లేదు. ఓటమి అభిమానికి ఉప్పూ కారం లాంటిది. కెనడాలో టొరంటో మేపుల్ లీఫ్స్ అని మంచు హాకీ జట్టుంది. వాళ్ళు స్టాన్లీ కప్పు ఆఖరిసారి గెలిచింది 1967లో. తర్వాత 2025 దాకా మళ్ళీ గెలవలేదు. తాతలు ఎదురుచూసి వెళ్ళిపోయారు, తండ్రులు ఎదురుచూస్తున్నారు, మనవలు నేర్చుకుంటున్నారు. అయినా ఆ జట్టు ఆడుతూంటే మైదానంలో కుర్చీ దొరకదు. ఎందుకు? ఓడినా గెలిచినా వాళ్ళ జట్టు వాళ్ళ ఊళ్ళో ఉంది గనక. మంచు కురిసే రాత్రి కోటు తొడుక్కుని నడిచి వెళ్ళి, వాళ్ళని కళ్ళారా చూసి, నోరారా తిట్టి, ఇంటికి రావచ్చు గనక.

నాకు ఆ తిట్టే భాగ్యం కూడా లేదు! తూఫాన్స్ మొదటి ఏడు ఆడింది రూర్కెలాలోనూ రాంచీలోనూ. 2026 జనవరిలో రెండో ఏడు పోటీలు పెట్టింది చెన్నైలో, రాంచీలో, భువనేశ్వర్‌లో. రెండేళ్ళలో హైదరాబాదు అనే పేరు మైకులో కొన్ని వేలసార్లు వినిపించి ఉంటుంది. హైదరాబాదు నేల మీద మాత్రం లీగు ఆట ఒక్కటంటే ఒక్కటి లేదు. ఊరి పేరు జెండాకు కావాలి, చొక్కాకు కావాలి, టీవీలో అంకెల పక్కన కావాలి. ఊరు మాత్రం అక్కర్లేదు.

ఇంతకంటె విచిత్రం విశాఖపట్నం కథ. అదే లీగులో మొదటి ఏడు విశాఖ జట్టని ఒకటి ఉంది. పేరు గోనాసిక. గోనాసిక అంటే ఏమిటో విశాఖ బీచి రోడ్డులో పదిమందిని అడిగి చూడండి. అది ఒడిషాలో కెందుఝర్ జిల్లాలో ఉన్న కొండ. వైతరణీ నది పుట్టే చోటు. విశాఖ జట్టుకి కైలాసగిరి లేదా, డాల్ఫిన్ నోస్ లేదా, సింహాచలం లేదా? పోనీ పేరులో ఏముందిలే అనుకుని అక్కడివాళ్ళు అలవాటు పడేలోగానే ఏడాది గడిచింది. రెండో ఏడు జట్ల జాబితాలో గోనాసిక లేదు. వైతరణి పేరు పెట్టుకున్నందుకు ఒక్క ఏడాదిలోనే వైతరణి దాటేసింది!

హాకీ ఒక్కటే అనుకునేరు. మన ఊళ్ళకి ఈ అనుభవం కొత్త కాదు. 2009లో దక్కన్ చార్జర్స్ ఐ.పి.ఎల్. గెలిచింది, అదీ దక్షిణాఫ్రికాలో. 2012లో ఆ జట్టే లేకుండా పోయింది. ఫుట్‌బాల్లో హైదరాబాద్ ఎఫ్.సి. 2022 మార్చిలో గోవాలో దేశపు పెద్ద లీగు గెలిచింది. 2025లో ఆ జట్టుని ఎత్తుకెళ్ళి ఢిల్లీలో పెట్టి, పేరు కూడా మార్చేశారు. గెలిచిన జట్టుకి కూడా గూడు భద్రం కాదన్నమాట. ఇక ఓడినవాళ్ళ మాటేమిటి?

ఇక్కడ లీగు పెద్దల తరఫున మాట్లాడేవాళ్ళు లేస్తారు. వాళ్ళ వాదాలు నాకు కంఠతా వచ్చు. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది: "ఆటని ఎనిమిది ఊళ్ళలో తిప్పితే ఖర్చు తడిసి మోపెడవుతుంది. విమానాలు, హోటళ్ళు, కెమెరాలు. ఒకటి రెండు చోట్ల పెడితేనే గిట్టుబాటు." ఇది అబద్ధమని నేననను. హాకీకి క్రికెట్టు డబ్బు లేదు. ఒడిషా ప్రభుత్వం 2018 నుంచి దేశపు హాకీ జట్లకి అండగా నిలబడింది. రూర్కెలాలో ఇరవై వేలమంది కూర్చునే మైదానం కట్టింది. సుందర్‌గఢ్ జిల్లాలో పిల్లలు కర్ర పట్టుకునే పుడతారంటారు. అక్కడ ఆట పెట్టినందుకు నాకు అసూయ లేదు. వాళ్ళు పెట్టారు, వాళ్ళు తింటున్నారు. బాగుండాలి. నేనడిగేది ఒక్కటే. ఖర్చు దగ్గర ఎనిమిది ఊళ్ళు భారమైనప్పుడు, పేర్ల దగ్గర ఎనిమిది ఊళ్ళు ఎందుకు కావలసి వచ్చాయి? జట్లకి పువ్వుల పేర్లు పెట్టుకోవచ్చు, పక్షుల పేర్లు పెట్టుకోవచ్చు. మల్లెపూల జట్టు, గిజిగాడి జట్టు. ఎవరు కాదన్నారు? అలా పెట్టరు. ఎందుకంటే ఊరి పేరు పెడితే ఆ ఊళ్ళో నాలాంటివాడు ఒకడు ఊరికే దొరుకుతాడు. వాడు టీవీ పెడతాడు. వాడు టీవీ పెట్టినందుకు ప్రకటనలవాడు డబ్బిస్తాడు. అంటే ఊరి పేరు అప్పు తెచ్చుకున్న సొమ్ము. అప్పు తెచ్చుకున్నవాడు అసలు తర్వాత చూసుకున్నా వడ్డీ అయినా కట్టాలి. ఏడాదికి రెండు ఆటలు ఆ వడ్డీ.

రెండోది: "హైదరాబాదులో హాకీ చూడ్డానికి జనం రారు." పిలవని పేరంటానికి రాలేదని నిందవేయడం అంటే ఇదే. పెట్టి చూడండి, రాకపోతే అప్పుడనండి. పెట్టకముందే రారని తేల్చేస్తే, పెళ్ళిచూపులు కాకుండానే పిల్ల బాగాలేదన్నట్టుంటుంది.

మూడోది, అన్నిటికంటె తెలివైనది: "టీవీలో హాయిగా కనబడుతోందిగా, ఇంట్లో కూర్చుని చూడవయ్యా." అయ్యా, కూతురి పెళ్ళి కూడా టీవీలో హాయిగానే కనబడుతుంది. అయినా చార్జీలు పెట్టుకుని రైలెక్కి ఎందుకు వెళతాం? హాకీ టీవీలో సగమే కనబడుతుంది. కెమెరా బంతి వెంట పరుగెత్తుతుంది. బంతి లేనివాళ్ళు ఏం చేస్తున్నారన్నదే హాకీలో అసలు ఆట. కుడివైపు ఒకడు అనవసరంగా పరుగెత్తుతున్నట్టు పరుగెత్తి ఇద్దర్ని తన వెంట లాక్కుపోతాడు. ఆ ఖాళీలోకి ఇంకొకడు జొరబడతాడు. టీవీలో జొరబడ్డవాడే కనిపిస్తాడు. ఖాళీ చేసినవాడు కనబడడు. పెనాల్టీ కార్నర్ చూడండి. గోలు కాచేవాడితో కలిపి అయిదుగురు గీత వెనక ఊపిరి బిగబట్టి నిలబడతారు. బంతి కదిలిన మరుక్షణం అందులో ఒకడు, ముఖానికి ముసుగు తగిలించుకుని, గంటకి వంద కిలోమీటర్ల పైచిలుకు వేగంతో రాబోయే బంతికి ఎదురు పరుగెత్తుతాడు. మోకాళ్ళు పోతాయని తెలిసి కూడా పరుగెత్తుతాడు. ఆ ధైర్యాన్ని పన్నెండు గజాల దూరంలోంచి ఒక్కసారి చూసిన కుర్రాడు జన్మలో మరిచిపోడు. ఆటకి ముందు నీళ్ళు చల్లిన ఆకుపచ్చ టర్ఫు మీంచి బంతి దూసుకుపోతూంటే వెనకాల తుంపర లేస్తుంది. ఆ తుంపర, ఆ చప్పుడు, గోల్‌కీపరు వేసే కేకలు ఏ టీవీలో వస్తాయి?

నేను కుర్రాడన్నాను. అసలు కోపం అక్కడుంది. నా సంగతి సరే, నేను సగం ఆట చూసినా సరిపెట్టుకుంటాను. హైదరాబాదు గడ్డ మీద పుట్టిన ముకేష్ కుమార్ 1992, 1996, 2000 — వరసగా మూడు ఒలింపిక్సులు ఆడాడు. చిత్తూరు జిల్లా పల్లెటూరి నుంచి వచ్చిన రజని దేశం తరఫున గోలు కాచింది. ఇటువంటివాళ్ళు ఆకాశంలోంచి ఊడిపడరు. ఎక్కడో ఒక మైదానంలో, ఎవరో పెద్ద ఆటగాడు కర్ర తిప్పుతూంటే కంచె పట్టుకుని నోరు తెరుచుకు చూసిన పిల్లలే రేపటి ఆటగాళ్ళు. మన దేశం 2021లో టోక్యో పోటీల్లో 41 ఏళ్ళ తర్వాత ఒలింపిక్ పతకం తెచ్చుకుంది. 2024లో పారిస్‌లో మళ్ళీ తెచ్చుకుంది. ఆ వేడి ఉండగానే కదా ఇనుము సాగేది? సికింద్రాబాదులోనో, విశాఖలోనో, తిరుపతిలోనో పదేళ్ళ పిల్ల ఒకతె కర్ర కొనిపెట్టమని వాళ్ళ నాన్నని అడగాలంటే, ఆ పిల్ల కళ్ళముందు ఎవరైనా ఒకసారి ఆడాలి. 'హైదరాబాదు' అని రాసి ఉన్న చొక్కా రాంచీలో పరుగెత్తితే ఆ పిల్లకి ఏం ఒరిగింది?

ఊరినుంచి జట్టుని తీసేయడం అంటే ఏమిటో అమెరికా, కెనడావాళ్ళకి బాగా తెలుసు. కెనడాలో క్విబెక్ అనే ఊరు. నోర్డీక్స్ వాళ్ళ మంచు హాకీ జట్టు. 1995లో దాన్ని డెన్వర్‌కి పట్టుకుపోయారు. మరుసటి ఏడే, 1996లో, ఆ జట్టు కప్పు గెలిచింది! ఏళ్ళ తరబడి పెంచిన పిల్లాడు పక్కింటికి దత్తు వెళ్ళిన మర్నాడే కలెక్టరైనట్టుంది వాళ్ళ పని. ఆ ఊరివాళ్ళు 2015లో పద్ధెనిమిది వేలమంది పట్టే మైదానం కూడా కట్టుకుని కూర్చున్నారు. పెద్ద లీగు జట్టు మాత్రం తిరిగి రాలేదు. మన తెలుగువాళ్ళు వేలమంది ఉంటున్న డాలస్ సంగతి చూడండి. అక్కడి స్టార్స్ జట్టు ఒకప్పుడు మిన్నెసోటాది. 1993లో ఎత్తుకొచ్చారు. మిన్నెసోటావాళ్ళు కొత్త జట్టు కోసం 2000 దాకా ఆగవలసి వచ్చింది. డాలస్‌లో మనవాళ్ళ పిల్లలు స్టార్స్ టోపీ పెట్టుకుని తిరుగుతూంటే ముచ్చటగానే ఉంటుంది. అయితే ఆ టోపీ వెనక ఇంకో ఊరి కన్నీరు ఉందని వాళ్ళకి ఎవరూ చెప్పి ఉండరు.

విన్నిపెగ్ అనే ఊరి కథ మాత్రం కాస్త ఊరట. 1996లో వాళ్ళ జెట్స్ జట్టు ఎడారి ఊరు ఫీనిక్స్‌కి పోయింది. పదిహేనేళ్ళు ఆ ఊరు ఊరుకోలేదు. 2011లో అట్లాంటా జట్టు అమ్మకానికి వస్తే తెచ్చుకున్నారు. కొద్ది రోజుల్లోనే పదమూడు వేల సీజను టిక్కెట్లు అమ్ముడుపోయాయి. కొత్త జట్టుకి కొత్త పేరు పెడతామంటే జనం ఒప్పుకోలేదు. జెట్స్ అనే పిలవాలన్నారు. పిలిచారు. చూశారా, అడిగితే జరుగుతుంది. అడగనివాడికి అమ్మైనా పెట్టదన్న సామెత మనదే, పాటించేది వాళ్ళు.

అందుకని నేను అడుగుతున్నాను. దానం కాదు, బాకీ.

ఒకటి: ఏ జట్టు ఏ ఊరి పేరు పెట్టుకుంటే ఆ ఊళ్ళో ఏడాదికి కనీసం రెండు ఆటలు ఆడాలి. మైదానం ప్రమాణాలకి సరిపోదంటే, ఎన్నేళ్ళలో సరిపోయేట్టు చేస్తారో చెప్పాలి. ఈ విషయంలో లీగు పెద్దల్ని ఎంత అడగాలో మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనీ అంతే అడగాలి. గచ్చిబౌలి మైదానం మన సొమ్ముతో కట్టిందే.

రెండు: జట్టు యజమాని మారినా, మానుకున్నా, ఊరి పేరూ రంగులూ పాత గెలుపుల లెక్కలూ ఊరికే చెందాలి. అద్దెకున్నవాడు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గుమ్మాలూ తలుపులూ పట్టుకుపోడు కదా. 2005లో సుల్తాన్స్ గెలిచిన కప్పు ఆ లీగుది కాదు, హైదరాబాదుది. తూఫాన్స్ చరిత్ర రాసేవాడు దాన్ని మొదటి పేజీలో రాయాలి.

మూడు: పోటీలు ఎక్కడ జరిగినా సరే, జట్టు కనీసం వారం రోజులు తన ఊళ్ళో ఉండాలి. బడులకి వెళ్ళాలి. అరవై ఎనిమిది లక్షల ఆటగాడు ఒక పూట మునిసిపల్ హైస్కూలు పిల్లలకి కర్ర పట్టుకోవడం నేర్పితే ఆయన ధర తగ్గదు. ఆ ఖర్చు ఒక ప్రకటన ఖర్చు కంటె మించదు.

ఈ మూడూ చెప్పాక మా బావగారు అడిగారు. "మీరు అడిగారు సరే. వాళ్ళు వినకపోతే? టీవీ కట్టేస్తారా?"

కట్టను. కట్టలేను. అభిమానం విషయంలో అంత వైరాగ్యం నాకు లేదు, రాదు. కాని మన సంసారాల్లో ఇంకో ఉపాయం ఉంది. అలక. సత్యభామ అలిగింది గనకనే పారిజాతం ఇంటికొచ్చింది. ఆవిడ కృష్ణుణ్ణి వదిలేసిందా? లేదే! గుమ్మం దగ్గరే కూర్చుని అలిగింది. అలిగిన అల్లుడికి స్కూటరు ఇచ్చిన మామగార్లు మనకి తెలుసు. అలగని అల్లుణ్ణి ఏ మామగారైనా పట్టించుకున్నాడా?

అభిమాని ఇన్నాళ్ళూ అలగడం నేర్చుకోలేదు. అదే వాడి దరిద్రం. గెలిస్తే గంతులేశాడు, ఓడితే ముడుచుకు పడుకున్నాడు, జట్టు మాయమైతే చొక్కా మడతపెట్టి దాచుకున్నాడు. మధ్యలో ఒక్కసారైనా, "మా ఊరి పేరు పెట్టుకున్నారు, మా ఊళ్ళో ఆట ఏదయ్యా?" అని అడగలేదు. జట్టువాళ్ళకి ఉత్తరం రాయండి. హాకీ సంఘానికి రాయండి. మీ శాసనసభ్యుడు ఓటుకోసం వచ్చినప్పుడు రోడ్డుతోపాటు టర్ఫు సంగతీ అడగండి. ప్రకటనలిచ్చే కంపెనీలవాళ్ళకి రాయండి. వాళ్ళు అందరికంటె ముందు చదువుతారు. రాసేది హైదరాబాదువాళ్ళే అక్కర్లేదు. పోయిన జట్టు కోసం విశాఖవాళ్ళూ రాయవచ్చు. ఈసారి పెట్టే పేరు మాత్రం మా కొండదే పెట్టండని మరో వాక్యం చేర్చవచ్చు.

మా బావగారు చివరికి ఒప్పుకున్నారు, పూర్తిగా కాదు గాని. "ఆట మన ఊళ్ళో పెడితే నాకూ ఒక టిక్కెట్టు తీయండి. ఆ ముసుగు తగిలించుకుని బంతికి ఎదురు పరుగెత్తేవాడు ఎవరో చూడాలని ఉంది" అన్నారు. లెక్కల మనిషి, అదీ విజయవాడ నుంచి చార్జీలు పెట్టుకుని వస్తానంటున్నాడు. ఇంతకంటె పెద్ద సాక్ష్యం ఏం తెమ్మంటారు? జనం రారన్నవాళ్ళు లెక్క రాసుకోండి: ఇద్దరం సిద్ధంగా ఉన్నాం. తక్కినవాళ్ళ కోసం తలుపులు తియ్యవలసింది మీరు.